ఎడమ పక్క స్ప్రింగు

కాట్రేనికోన రోడ్డులో, రేకుల షెడ్డు కింద
నా జీపు నాలుగు కాటాల మీద నిలబడింది.
మేత కొట్టు నించి అరువు తెచ్చినవి,
రొయ్యల వాసన ఇంకా పోలేదు.
ఇజ్రాయేలు బలపంతో గచ్చు మీద
చక్రానికో అంకె రాశాడు.
మూడొందల పది. రెండొందల ఎనభై ఆరు.
వెనకవి రాస్తుండగా కరెంటు పోయింది.

"ఇందులో చక్రం బరువు, ఇరుసు బరువు తీసెయ్యాలండి.
వాటిని స్ప్రింగు మొయ్యదు, నేలే మోస్తుంది.
ఏం ఎక్కిస్తారు బండిలో?"
నేను గొప్పకి పోయాను.
టన్ను ఐసు, ఇరవై మేత బస్తాలు,
మొన్న తుఫానుకి పల్లం నించి
పదకొండు మందిని, ఒక గేదెదూడని...

"తుఫాను సంగతి కాదండి.
మామూలు మంగళవారం చెప్పండి.
స్ప్రింగు మంగళవారానికి కొనాలి."

మామూలు మంగళవారం.
తెల్లారగట్ల మూడింటికి హేచరీ గేటు.
ఆక్సిజన్ పట్టిన సంచుల్లో రొయ్యపిల్లలు,
సంచికి రెండు వేలు,
ఒక్కోటి కనురెప్ప వెంట్రుకంత.
చెరువు గట్టు మీద ఒక్క గుంటలో
బండి దభీమని దిగిందా,
వదిలేసరికి సగం అడుగున తెల్లగా తేల్తాయి.
నష్టం ఎంతో రైతు
నా మొహం చూసే లెక్కేస్తాడు.

"అయితే మెత్తంది కావాలి."
తిరుగు ప్రయాణంలో ఐసు పెట్టెలు,
బలుసుతిప్ప దారిలో ఇసుక,
ఇసుక కింద నల్ల బురద,
ఏరు కోసుకుపోయిన గట్టు.
"అయితే గట్టిదీ కావాలి."

ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు.
అంగుళానికి రెండొందల పౌన్లది పైన,
రెండొందల యాభైది కింద.
కలిస్తే నాలుగొందల యాభై అనుకున్నాను,
నా చదువంతే.

"ఆయ్, నూట పదకొండండి.
ఒకే బరువుకి రెండూ వంగుతాయి కదా,
విడివిడిగా ఉన్నప్పటికన్నా మెత్తనవుతాయి.
బాగా దిగినప్పుడు పైది ఈ రింగుకి తగిలి ఆగిపోద్ది.
అక్కణ్ణించి కిందదొక్కటే.
అది గట్టిగానే ఉంటుంది,
ఉండక చస్తుందా."

పాతవి విప్పి పక్కపక్కన పెట్టాడు.
ఎడమది అరంగుళం పొట్టి.
ఇద్దరం చూశాం. ఎవరం ఏమీ అనలేదు.

"ఎక్కి కూచోండి.
మనిషి లేకుండా తూచింది తూకం కాదు."
స్టీరింగు ముందు కూచున్నాను.
కుడి చక్రం కింద అంకె కదిలింది.
"ఎడమ సీట్లో ఎవరండి?"

నాలుగేళ్ళు అక్కడ బుల్లియ్య.
టార్చి బయటికి చాపి నీళ్ళ లోతు చెప్పేవాడు.
వెనక సంచుల్లో నీళ్ళ చప్పుడు విని
"నిమ్మళంగా, నిమ్మళంగా" అనేవాడు,
నన్నో, బండినో, పిల్లల్నో.
ఏడు వేల డీజిలు లెక్క దగ్గర
ఒక మాట నేనన్నాను, రెండు మాటలు తనన్నాడు.
ఇప్పుడు యానాం వైపు వేరే బండి ఎక్కుతున్నాడట.

ఎవరూ లేరు, అనాలి.
"ఇసుక బస్తాలు పెట్టి తూచు" అన్నాను.
"ఎన్ని కిలోలండి?"
"తొంభై రెండు."
అడిగిన మరుక్షణం నోట్లోంచి ఊడిపడింది.
ఇజ్రాయేలు తలెత్తకుండా రాసుకున్నాడు.

సాయంత్రానికి బిగించి,
కాయిలు కింద మరల రింగు చూపించాడు.
"దీన్ని తిప్పితే ఎత్తు మారుతుందండి, గట్టితనం మారదు.
సీటు ఖాళీగా ఉంటే రెండు చుట్లు వదలండి.
మనిషొస్తే మళ్ళీ బిగించుకోండి.
స్పానరు సీటు కింద పెట్టాను."

మర్నాడు గట్టు మీద
ఒక్క సంచీ పగల్లేదు.
గుంటల్లోకి బండి
నిద్దట్లో పక్కకి తిరిగినంత మెత్తగా దిగింది.
స్పానరు సీటు కింద చిన్నగా మోగుతోంది.

రైతు సంచులు లెక్కపెట్టుకుని,
దూరం జరిగి, తల వంచి చూశాడు.
"ఏవండీ, కొత్త స్ప్రింగులన్నారు,
బండి కుడివైపుకి ఒరిగిందేంటి?"

"గట్టే ఒరిగుందండి" అన్నాను.