పాత బరువు

పరీక్ష కేంద్రం గేటు దగ్గర
వాచ్‌మన్ నన్ను పక్కకి పొమ్మన్నాడు,
"పేరెంట్సంతా ఆ షామియానా కిందమ్మా."
హాల్‌టికెట్ తీసి చూపిస్తే
ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.
పూందమల్లి రోడ్డు మీద ఫిబ్రవరి ఎండ
అప్పటికే మాడ్చేస్తోంది.

మూడు గంటలు. అరవై ఐదు ప్రశ్నలు.
మౌస్ పట్టుకున్నా
వేళ్ళు సుద్దముక్క కోసమే తడుముకున్నాయి.
కొళత్తూరులో, మేడ మీద రేకుల షెడ్డులో
తొమ్మిదేళ్ళు పదో తరగతి లెక్కలు చెప్పిన వేళ్ళవి.
అంతకుముందు వాటి పని మట్టి.
బోరుగుంతలోంచి వచ్చిన ముద్దని నలిపి
ఒండ్రో బంకో చెప్పడం.

ఎందుకు మానేశారు అన్నదానికి
దరఖాస్తులో ఒక్క గీత ఖాళీ ఇచ్చారు.
"సొంత కారణాలు" అని రాశాను.
అందులో పట్టేది అంతే.

స్కోరు వచ్చింది, ఆరువందల ముప్ఫై ఎనిమిది.
ట్యూషన్ పిల్లలు చందాలేసుకుని కేకు తెచ్చారు.
దాని మీద ఆరువందల ఎనభై మూడు అని ఉంది.
బేకరీవాడి పుణ్యమా అని
నలభై ఐదు ఎక్కువొచ్చాయి.
నేను దిద్దలేదు.
లెక్కల టీచర్నయ్యుండి.

ఈక్కాట్టుత్తాంగల్‌లో, అద్దాల గదిలో
సెంథిల్‌నాథన్ కూర్చునున్నాడు.
జల్లెడలు ఎలా కడగాలో నేను నేర్పినవాడు.
లేచి నిలబడ్డాడు, మళ్ళీ గుర్తొచ్చినట్టు కూర్చున్నాడు.
"స్కోరు బావుంది మేడమ్.
మామూలుగా ఇది ఇరవై రెండేళ్ళవాళ్ళకి చూస్తాం.
మీకు..."
ఆ వాక్యం అక్కడే వదిలేసి
ఏసీ రిమోట్ కోసం వెతికాడు.
కాసేపటికి తనే అన్నాడు,
"ఇది లేకపోతే మీ పేరు నా టేబుల్ దాకా వచ్చేదే కాదు.
కింద కంప్యూటరే ఏరిపారేస్తుంది."

రెండూ నిజమే.
వాకిలి దాకా తోడొచ్చి
చెప్పులు విప్పకుండా వెళ్ళిపోయే చుట్టంలాంటిది ఆ కాగితం.
మరచిపోలేదని చెప్తుంది.
మరచిపోకపోవడానికి ఎవరు జీతమిస్తారు?

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఒకటుంది.
బంకమట్టికి జ్ఞాపకముంటుంది.
తన మీద ఎన్నడో మోపిన పెద్ద బరువుని
ఎత్తేశాక కూడా లోపల దాచుకుంటుంది.
ఎత్తేస్తే కాస్త ఉబ్బుతుంది, అంతే.
మళ్ళీ మోపితే, ఆ పాత హద్దు దాకా
పెద్దగా కుంగదు.
హద్దు దాటాకే అసలు కుంగుబాటు.
జవాబు సరిగ్గానే పెట్టాను.
నా హద్దు ఎక్కడుందో మాత్రం
ఆ నాలుగు ఐచ్ఛికాల్లో లేదు.

ల్యాబ్ చూపించాడు.
ముల్లున్న డయల్ గేజీలు పోయాయి,
అంకెలు వాటంతటవే తెరమీదికి ఎక్కుతున్నాయి.
మూలన గాజుపలక మాత్రం అదే.
యాళిని అనే పిల్ల దాని మీద
మట్టిని అరచేత్తో దారంలా పేనుతోంది.
మూడు మిల్లీమీటర్ల సన్నానికొచ్చి పొడిపొడిగా తెగాలి.
ముద్ద నాకిచ్చింది.

చెయ్యి తిరిగిన పనే కదా అనుకున్నా.
లావుగా ఉండగానే తెగింది.
రెండోసారీ అంతే.
సెంథిల్ మర్యాదగా ఫోన్ చూసుకున్నాడు.
"ఇంకో చుక్క నీళ్ళు కలపండక్కా, ఆరిపోయింది,"
యాళిని నా వైపు చూడకుండానే అంది.
మట్టి గురించే అంది.

ఆరు నెలలు ట్రైనీగా, ఆ తర్వాత చూద్దామన్నారు.
జీతం యాళినికన్నా తక్కువ.
సరే అన్నానా, ఆలోచిస్తానన్నానా,
తిరుమంగలం దాకా మెట్రోలో అదే గుర్తు తెచ్చుకుంటూ వచ్చాను.

స్కోరుకార్డు మీద ఉంది,
చెల్లుబాటు మూడేళ్ళు.
సాయంత్రం బోర్డు మీద వృత్తం గీస్తుంటే
ముందు బెంచీ పిల్లాడు అడిగాడు,
"మిస్, గోళ్ళలో ఏంటి?"
చెయ్యి వెనక్కి దాచుకోబోయి
ఆగాను.