నాలుగడుగుల రేకు

నాలుగడుగుల ఎడల్పు, ఆరడుగుల పొడుగు రేకు.
ఊరి చరిత్రంత దీంట్లనే పట్టాలె అన్నడు
హన్మకొండ నుంచొచ్చిన సారు.
ఎనిమిది వాక్యాల కాయితమిచ్చి పోయిండు.
పసుపు మీద నల్లక్షరాలు, పదిహేను వందలు.

మొదటిది: ఇచ్చట పురాతనమైన కోట ఉండెను.
ఉండెనేంది సారూ, ఉన్నది గదా!
ఓదెలు ఇంటి గడప కోటనే.
పరకాల తొవ్వల కల్లుమండువ అరుగు కోటనే.
మా పెరట్ల బట్టలుతికే బండకు
పక్కపొంటి ఒక హంస, తలకిందులు.
చిన్నప్పుడు నా బిడ్డ
సబ్బు నురుగు తీసి దాని ముక్కుకు పెట్టేది.

మూడో వాక్యం పండుగలు:
బోనాలు, బతుకమ్మ, పీర్లు.
పీర్ల కాడ కుంచె ఆగింది.

యాకూబు కాలిరిగిన ఏడు
పెద్ద పీరునెవలెత్తాలె అని పంచాయితి.
అటోళ్లు ఇటు జూసిరి, ఇటోళ్లు అటు జూసిరి.
సున్నాలేసే మా నాయిన లేసి నిలబడ్డడు.
మేర రాజలింగం కుట్టిన పచ్చ దట్టీ,
మెడల కుడుకల దండలు,
గుండంల తుమ్మ మొద్దులు ఎర్రగ కాగుతున్నయి.
డప్పు మోతకు నల్లా పైపులు గూడ అదిరినయి.
నిప్పుల్ల నడిసొచ్చినంక
బిందెలతోని నీళ్లు పోసిరి ఆడోళ్లు,
ఆయినె కాళ్ల మీదనో పీరు కాళ్ల మీదనో
ఎవలకు ఎరుక.

అమ్మ మూడొద్దులు మాట్లాడలే.
నాలుగో నాడు మలీద ముద్దలు జేసి
పళ్లెం ఠప్పున ముంగట పెట్టింది.
తర్వాత పుట్టిన తమ్మునికి యాకయ్య అని తనే పేరు పెట్టింది.

ఆరో వాక్యం: నిజాం కాలమున గ్రామము కొంత నష్టపోయెను.
కొంత అన్న మాటను బాగ సన్నగ రాసిన.
బురుజు మీదికెల్లి తుపాకులు పేలిన రాత్రి
వడ్ల గుమ్మిల దాసుకున్నరట అవ్వ, ఖాసింబీ.
ఇద్దరికీ దగ్గు.
ఒక్కటే కొంగు నోట్ల కుక్కుకున్నరట, ఇద్దరు,
ఆ చివర ఒకలు, ఈ చివర ఒకలు.
ఆ కొంగు ఎవలిదని ఎన్నిసార్లు అడిగినా
అవ్వ నవ్వేది గని చెప్పకపోయేది.

మిగిలిన రెండు వాక్యాలు రోడ్లు, బ్యాంకు.
గబగబ రాసిన.

కింద మూలకు బెత్తెడు జాగ మిగిలింది.
కొంరెల్లి ఆర్ట్స్, సెల్ నంబరు రాసుకునే జాగ.
సన్న కుంచె తీసి
అండ్ల హంసను గీసిన, ఉన్నదున్నట్టు,
కాళ్లు మీదికి.

సారు వచ్చి కండ్లద్దాలు సర్దుకున్నడు.
ఇదేందయ్యా?
మా దుకాణం గుర్తు సారూ, అన్న.
తలకాయ ఊపి
వంద పట్టుకున్నడు.