కాటా మామ దగ్గు

మా గుంటూర్లో దగ్గుకి విలువ లేదు.
యార్డు మీదుగా గాలి ఇటు తిరిగిందంటే
బడ్డీకొట్టువాడు దగ్గుతాడు, కండక్టరు దగ్గుతాడు,
మందులు రాస్తూ నేనూ దగ్గుతాను.

అందుకే సలోమి
మూడు నెలలాగి తెచ్చింది రూతుని.
"మిరప దుమ్మేలే అనుకున్నానమ్మా.
తొడిమలు తీసేకాడ పక్కనే పడుకోబెడతా.
అందరికీ ఉండేదేగా."
బిడ్డ కళ్ళు తుడవబోయి,
తన వేళ్ళు గుర్తొచ్చి,
మోచేత్తో తుడిచింది.

మూడేళ్ళ పిల్ల.
గళ్ళ తీసి డబ్బాలో ఉమ్మమంటే
డబ్బాని టోపీలా పెట్టుకుంది.
పిల్లలు కఫం మింగేస్తారు,
తిట్టు మింగినట్టు.
తెల్లారగట్ల, పరగడుపున, ముక్కులో గొట్టం వేసి
పొట్టలోంచి తీశాం ఆ కాసిని నీళ్ళు.
సలోమికి ఆ పూట కూలి పోయింది.
రెండు రోజులకి పెద్దాసుపత్రి యంత్రం చెప్పింది:
కనపడలేదు.

కనపడలేదు అంది. లేదు అనలేదు.
ఆ రెంటి మధ్య సందులో
పోయినేడు నేనొక పిల్లాణ్ణి పోగొట్టుకున్నాను.
"ఇంకో పది రోజులు చూద్దాం" అన్నది నేనే.
కింద సంతకం నాదే.
గుండ్రంగా, అందంగా ఉంటుంది నా సంతకం.

ఇప్పుడు నా బల్ల మీద ఒక లెక్క కాగితం ఉంది,
యంత్రం తేల్చనప్పుడు మనిషి తేల్చడానికి.
దగ్గు ఎన్ని వారాలు, జ్వరం ఎన్నాళ్ళు,
మెడ కింద బిళ్ళలు, బరువు.
అంగన్‌వాడీ కార్డులో గీత
వినాయకచవితి దాకా ఎక్కి
అక్కడే నిలబడిపోయింది,
వానకి మూడొంతెనల కింద ఆటోలాగా.
ఎక్స్‌రే మసక.
కదలొద్దంటే ఏడ్చింది మరి.
అంచుదాకా వచ్చి ఆగింది లెక్క.

"ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?"
"అయ్యో, లేదమ్మా."
"చుట్టుపక్కల?"
"మాకట్టాంటివాళ్ళు ఎవరూ లేరు."
ఎవర్నడిగినా
నేరం ఒప్పుకోమన్నట్టే వినపడుతుంది.
తప్పు ప్రశ్నది.

ఈలోగా రూతుకి విసుగొచ్చి
ఆడుకోవడం మొదలుపెట్టింది.
నా పేపర్‌వెయిట్‌ని స్టూలు మీద పెట్టి
బస్తా తూచినట్టు వంగి చూసింది.
ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి రొమ్ము మీద,
లోపల్నించి ఎవరో తవ్వుతున్నట్టు
ఖుల్లు ఖుల్లుమని దగ్గి,
లేని తువ్వాలుతో మూతి తుడుచుకుని,
ఆ లేని తువ్వాలు
విప్పి చూసుకుంది.
గబుక్కున మడిచేసింది.

"ఎవరే అది?"
"కాటా మామ."

సలోమి చేతులు ఒళ్ళో ఆగిపోయాయి.
"కాటాకాడ మనిషమ్మా, పున్నారావని.
మధ్యాన్నం దీన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని
బన్నుముక్క పెడతాడు. మంచోడు."

మంచివాడే.
ఆ మాటా రాసుకున్నాను,
గళ్ళలో పట్టలేదు, పక్కన.

గీత దాటింది లెక్క.
దాటకపోయినా, మీతోనే అంటున్నా,
ఆ మడత చూశాక నా చెయ్యి ఆగేది కాదు.

తొమ్మిది కిలోలకి రెండు మాత్రలు.
నీళ్ళలో కరిగి పండు వాసన వేస్తాయి.
"ఎన్నాళ్ళమ్మా?"
"ఆర్నెల్లు."
యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చి
మళ్ళీ తెరిచేదాకా అని
వేళ్ళ మీద లెక్కేసుకుంది సలోమి.
రూతు గ్లాసు అడుగుదాకా నాకి
ఇంకా కావాలంది.

మర్నాడు మా ఆశా కార్యకర్త
డబ్బా పట్టుకుని యార్డుకెళ్ళింది.
"ఇక్కడ బాగా దగ్గేవాళ్ళెవరు?" అంటే
బస్తాల వెనక ఒకటే నవ్వులట.
పున్నారావు నవ్వలేదట.
తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని,
కాటా మీది ముల్లు ఆగేదాకా చూసి,
"పాపకేమన్నా అయిందా?" అన్నాడట.