పాత విలువ, కొత్త విలువ

పొద్దున పదింటికే గుంటూరు యార్డు గేటు ముందు
లారీలు తోకలు కలుపుకుని నిలబడ్డాయి.
గాలి పీలిస్తే తుమ్ము, నోరు తెరిస్తే దగ్గు.
మా కమిషన్ కొట్టు మెట్ల మీద
పెదనందిపాడు రైతొకాయన
ఫోను నా మొహం మీదికి చాపాడు:
"నేటి తేజ రేటు క్వింటా 19,300. మీ టిక్కీలు వెంటనే పంపండి."
పైన మా కొట్టు పేరు,
కింద జంట మిరపకాయల బొమ్మ.

అసలు రేటు 13,900.

నాలుగు వేల మూడు వందల పదహారు ఫోన్లకి
రాత్రి తొమ్మిదీ పన్నెండుకి
ఎవరూ మీట నొక్కకుండానే వెళ్ళిపోయే మెసేజీ అది.
"మీరు పడుకున్నా ఇది పని చేస్తదండీ"
అని చెప్పి అంటగట్టాడు సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు.
చేసింది.

షావుకారు ఇంకా ఏమీ అడగనే లేదు,
అందరి చూపులూ బాజీ మీదికి పోయాయి.
మొన్న మొన్న చేరినవాడు.
ఏ తప్పూ చేయకుండానే
తప్పు చేసినవాడిలా నిలబడటం వచ్చు వాడికి.

ఆడిట్ ట్రయల్ తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది.
తెరిచాను.

20:47 షేక్ బాజీ. కొత్త మెసేజీ. 13900.
21:04 తిరుపతమ్మ. సవరణ.
పాత విలువ 13900. కొత్త విలువ 19,300.
21:05 తిరుపతమ్మ. ఆమోదం.
21:12 సిస్టమ్. పంపబడింది.

కామా.
కామా లేదనే కదా నేను దాన్ని ముట్టుకుంది!
కొరిటెపాడులో, వంటగట్టుకి ఫోను ఆనించి,
పగలంతా మచ్చు కాయలు తుంచిన చేత్తో
కన్ను నలుపుకున్నాను.
ఆ మంటలో మూడూ తొమ్మిదీ చోట్లు మార్చుకున్నాయి.
కామా మాత్రం సరిగ్గానే పడింది.

ఈ సంగతి రాసుకోడానికి అందులో గడి లేదు.
ఎవరు, ఎప్పుడు, ఏది.
ఎందుకు అన్నది దానికి అక్కర్లేదు.

మూసేద్దామనుకున్నాను.
షావుకారికి ఇది తెరవడం రాదు.
బాజీ జీతం పదకొండు వేలు, ఒక్కడే,
ఇంకో కొట్టులో దొరక్కపోదు అని కూడా లెక్కేశాను,
దాచేదేముంది.
అప్పుడు అడుగున ఇంకో వరస మొలిచింది:

10:31 తిరుపతమ్మ. చరిత్ర చూశారు.

చూశారు, అంది. గౌరవంగా.

మా కొట్టులో పానకాలు గారని గుమాస్తా ఉండేవారు.
చిట్టాలో అంకె తప్పితే బ్లేడుతో గీకనిచ్చేవారు కాదు.
గీకితే కాగితం పలచబడుద్ది,
వెలుగుకి పెడితే దొంగతనం కనపడుద్ది, అనేవారు.
ఒక్కటే అడ్డగీత. కిందది చదవడానికి రావాలి. పక్కన పొడి సంతకం.
ఆయన పోయాక ఆవర్జాలు తిరగేస్తే
ఇరవయ్యేళ్ళ తప్పులు
ఒక్కటీ చెరిగిపోకుండా
ఆయన పేరుతోనే ఉన్నాయి.

10:48 తిరుపతమ్మ. ప్రింటు తీశారు.

మధ్యలో పదిహేడు నిమిషాలు.
వాటిలో నేనేం చేశానో అది రాయలేదు,
తీసివేత వచ్చినవాళ్ళు
చూసుకుంటారని వదిలేసింది.

కాగితం షావుకారు బల్ల మీద పెట్టి
నా పేరు కింద గీత గీసి పొడి సంతకం చేశాను.
ఆయన కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు,
ఎంతకీ ఆపడే.
బాజీ నా వైపు చూడలేదు.
నీళ్ళ క్యాను ఎత్తుకుని లారీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెదనందిపాడు ఆయన కాగితం ఇమ్మని అందుకున్నాడు.
వేలు పెట్టి, వరస తర్వాత వరస, కూడబలుక్కుంటూ చదివాడు.
వెనక్కి తిప్పాడు. అక్కడ తెల్లగా ఉంది.

"అంతా బానే రాసింది గానమ్మా,
నా లారీ కిరాయి ఏ వరసలో ఉంది?"