గద్ద ముక్కు

పదకొండేళ్ళు చెప్పాను ఆ గద్ద గురించి.
నలభయ్యో ఏట కొండెక్కుతుందని,
ముసలి ముక్కుని రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుందని,
కొత్తది మొలిచేదాకా పస్తుంటుందని.
నూట యాభై రోజులని కూడా చెప్పేవాణ్ణి.
లెక్క చెబితే జనం నమ్ముతారు.
మైకులో నా గొంతు ఆ చోట కొంచెం వణికేది.
వణకడం నేర్చుకున్నాను.

మా గుడి నరసాపురం కాలవ శివారున.
రేకుల కప్పు, రెండు ఫ్యాన్లు, ఒకటి తిరుగుతుంది.
ఆ బుధవారం ఇళ్ళ కూడిక అయ్యాక
ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు.
దోర్కమ్మ గడప మీద కూచుని లేసు అల్లుతోంది.
ముళ్ళు లెక్కెడుతూ, తలెత్తకుండానే అడిగింది:
"అయ్యగారూ, ఆ గద్దని చూసిందెవరండీ?"

నవ్వాను. అలాంటప్పటికి పాస్టర్లకో నవ్వుంటుంది.
"పెద్దలు చెప్పారమ్మా."
"ఏ పెద్దలండి?"

"మా చెల్లి కరుణ షుగరు మాత్రలు మానేసిందండి.
గద్ద ఓర్చుకోలేదా, నేనోర్చుకోలేనా అంది.
ఎడం కాలి వేళ్ళు రెండు తీసేశారు."
చెప్పి, పంటితో దారం తెంపింది.
తిట్టలేదు.
తిడితే బావుండును.

ఆ రాత్రి ఫోను పట్టుకుని కాలవకి ఎదురు నడిచాను.
నాకు చెప్పింది పాలకొల్లు ప్రభుదాసు.
ఆయన భీమవరం సభల్లో విన్నాడట.
భీమవరం ఆయన డైరీలో రాసుకున్నాడట,
డైరీ వరదల్లో పోయిందట.
ఇంకొకాయనకి వాట్సాపులో వచ్చింది,
కింద "శాస్త్రవేత్తలు తేల్చారు" అని.
ఏ శాస్త్రవేత్త, ఏ ఊరు?
"ఎందుకు బ్రదర్, ఆత్మీయంగా తీసుకో."

శివారు చేనికి నీళ్ళు ఉప్పగా వస్తే
మా నాన్న ఇలాగే గట్టంట పైకి పోయేవాడు,
లాంతరు పట్టుకుని, ఎక్కడ గండి పడిందో చూడ్డానికి.
ఆయనకి ఎక్కడో ఓ చోట దొరికేది.
నాకు ప్రతి తూములోనూ నీళ్ళు కనిపించాయి,
ఆనకట్టే లేదు.

తెల్లారి చేపల చెరువుల మీదకి పోయాను.
కాపలా ఓలేటి సత్తియ్య మా సంఘం కాదు, ఏ సంఘమూ కాదు.
ముప్పయ్యేళ్ళుగా గద్దల్ని తోలడమే అతని కూలి.
బీడీ ఆరిపోయేదాకా కథంతా విన్నాడు.
"ముక్కిరిగినదాన్ని ఒకసారి చూశానండి.
పైన కట్టిన తీగల్లో పడింది.
జాలేసి ఎదురుగా చేపేశాను.
చూసింది. చీల్చుకోలేకపోయింది.
నాలుగో నాటికి చీమలు పట్టేసినాయండి."

ఆదివారం లేచి నిలబడి చెప్పాను.
వాక్యంలో గద్ద ఉంది, రెక్కలున్నాయి,
ముక్కు ఊడగొట్టుకోవడం లేదు.
అది ఎవరి మాటో నాకు తెలీదు,
తెలీకుండానే పదకొండేళ్ళు మీకు వడ్డించాను,
మాత్రలు మానకండి.
అంత పొడి మాటలు నేనెప్పుడూ చెప్పలేదు.
ఆమేన్ ఎవరూ అన్లేదు.

చెప్పుల దగ్గర సంఘపెద్ద ఏసోబు చెయ్యి పట్టుకున్నాడు.
"మా ఆవిడ పోయినప్పుడు
దాన్ని పట్టుకునే లేచేనండి. ఎందుకు చంపేరు?"
జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.

దోర్కమ్మ ఆ వారం రాలేదు,
చెల్లెలికి కట్టు మార్పించడానికి ఆస్పత్రికెళ్ళింది.
సాయంత్రం వెళ్ళి ఇద్దరికీ మళ్ళీ మొత్తం చెప్పాను,
మైకు లేకుండా.
కరుణ గోడవైపు తిరిగి పడుకుంది.
దోర్కమ్మ అల్లిన ముక్కని తిరగేసి నా చేతిలో పెట్టింది.
"షావుకారు ఇటే చూస్తాడండి, ముందువైపు కాదు."

ఇప్పుడు ప్రసంగం రాసుకునే పుస్తకంలో
పక్కన ఓ నిలువు గీత గీసుకున్నాను.
ఎవరు, ఎక్కడ, ఎప్పుడు.
చాలా వారాలు ఆ వైపు ఖాళీగానే ఉంటోంది.
ప్రసంగాలు పొట్టివైపోయాయి.
జనం ఎండెక్కకముందే ఇళ్ళకి పోతున్నారు.