వగరు

కత్తిరెండల్లో రాగి నాలుక బయటేసుకోవడం
నాకు కొత్త గాదు.
మురకంబట్టు రేకులింట్లో ఆ నెలంతా
మనుషులమే నోరు తెరుచుకోని ఉంటాం.

ఆ రాత్రి అట్లా గాదు.
సాయంత్రం వాన పడింది.
మట్టి చల్లబడింది, కుండ చల్లబడింది.
పల్ప్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి నేనొచ్చేసరికి
అది పండుకోకుండా, కూర్చోకుండా
ఏదో మర్చిపోయి గడపలోనే ఆగినట్టు నిలబడి
వగరుస్తా ఉంది.

నీళ్లు పెట్టినా. మూతి తిప్పుకునింది.
"కుక్క రొప్పకపోతే కోడి రొప్పుతాదా? పండుకో మే"
అనింది గోడవతల దేశమ్మ.
పండుకున్నా.
రేకుల మింద చినుకులు ఆగి ఆగి పడతా ఉంటే
దాని ఊపిరి మటుకు ఆగకుండా,
ఎవరో చీకట్లో
పచ్చికట్టెను రంపంతో కోస్తా ఉన్నట్టు.

సెల్లు వెలుగులో డొక్క చూస్తా లెక్కబెట్టినా.
బెల్టు మింద పరిగెత్తే కాయల్ని లెక్కబెట్టేదాన్ని,
అరవై దాటినాక లెక్క తప్పింది.
పెదవెత్తి చూస్తే చిగుళ్లు
ఉతికి ఉతికి వెలిసిపోయిన నా గులాబీ రవిక మాదిరి.
కడుపు మింద చెయ్యి పెట్టినా.
కరవలేదు.
నా చేతిని నాకి, మెల్లగా పక్కకు నెట్టింది.

తెల్లారి పశువుల ఆస్పత్రిలో
కాంపౌండరు చెంగల్రాయులు చెవి తాకి, డొక్క నొక్కి
"ఎండ గాదమ్మా, నొప్పి" అన్నాడు.
"ఏం తినింది?"

ఏం తినింది.
నేను కొంగులో దాచి తెచ్చిన బెంగుళూరా కాయ.
ఉప్పూ కారం అద్దుకోని నా బిడ్డ హేమ తినింది.
టెంక దొడ్లో పారేసినాం.
మర్నాడు కనపడకపోతే
పందికొక్కు లాక్కపోయిందిలే అనుకున్నా.

తిరుపతి కాలేజీ ఆస్పత్రికి పంపినారు.
డెబ్బై కిలోమీటర్లు, ఆటో బాడుగ, నా వారం కూలి.
దోవ పొడుగునా నా ఒళ్లో ఆ వగర్పు.
చంద్రగిరి దాటినాక కొంచెం నెమ్మదించింది,
నాకు ఇంకా బయమేసింది.

కోసి తీసి స్టీలు తట్టలో పెట్టి చూపించినారు.
రోజుకు ఎన్ని వేల టెంకలు నా చేతుల మింద పోతాయో.
ఒక్కదాన్ని కూడా ఇట్లా
ముఖాముఖి చూసింది లేదు.

ఇప్పుడు నిద్రలో నిమిషానికి పద్దెనిమిది.
రెండుసార్లు లెక్కబెట్టినా.
దేశమ్మ గోడ మింద నించి కోడిగుడ్డొకటి అందించింది,
ఏమీ అనకుండా.

షిఫ్టు దిగి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కోని
దాని పక్కన కూర్చుంటా.
అయినా వాసన పోదు.
రాగి నా వేళ్లు వాసన చూసి
తల అటు తిప్పుకుంటాది.