బెత్తెడు దూరం

నాకు రావలసిన పట్టా
ముప్పై సెంటీమీటర్ల ఇనుప పట్టా మీద ఉంది.
దాని మీద చిటికెనవేలంత యాంటెన్నా.
మోటారు గుర్రుమంటే ఒక మిల్లీమీటరు జరుగుతుంది,
ఆగుతుంది, వింటుంది,
మళ్ళీ జరుగుతుంది,
కూర్చోబోయే ముందు నేలను రెండుసార్లు తడిమే ముసలమ్మలా.

మార్చి నెల. గుంటూరు మిర్చి యార్డు.
తేజ, బాడిగ, మూడువందల ముప్పైనాలుగు,
టిక్కీ మీద టిక్కీ, రేకుల కప్పు దాకా.
మొదటి వారం నా నోట్సులో
అంకెల కంటే తుమ్ములే ఎక్కువ.
దీనమ్మ తడి తువ్వాలు ముక్క చించి ఇచ్చి
"ముందు ముక్కుకి కట్టుకో, చదువు తర్వాత" అంది.

ఆమెకు చెప్పాలని చూశాను:
టవర్ నుంచి మాట ఒక్క దారిన రాదు.
రేకుకి తగిలి ఒకటి, లారీ తలుపుకి తగిలి ఒకటి,
కాటా పళ్ళేనికి తగిలి ఇంకొకటి.
అన్నీ ఒకే మాట,
ఒక్కోటీ ఒక్కో ఆలస్యంతో.
కలిసొచ్చిన చోట పొంగుతాయి.
ఎదురుపడ్డ చోట
ఒక నిజాన్ని ఇంకో నిజం మింగేసి
ఏమీ మిగలదు.
ఆ చోటుకీ ఈ చోటుకీ
బెత్తెడు కూడా ఉండదు, తెలుసా?

దీనమ్మ తొడిమ గిల్లుతూ అంది:
"మా తోటికోడలికీ నాకూ అంతే.
పొయ్యి కాస్త ఇవతలకి జరిపా,
మాట కలిసింది."

రెండేళ్ళూ కాగితం మీద గెలిచాను.
కదలని పదహారు చేసే పని
కదిలేవి నాలుగు చేస్తాయని.
సమీక్షలో ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు:
"నీ యాంటెన్నా అక్కడికి చేరేలోపు
ఆ చోటు అలాగే ఉంటుందా అమ్మా?"
నీళ్ళు తాగాను.
మళ్ళీ తాగాను.

ఉండదు.
ఒక హమాలీ ఒక టిక్కీ ఎత్తితే చాలు,
నా పటమంతా చెరిగిపోతుంది.
ఇందాకటి గట్టు ఇప్పుడు గొయ్యి.
మూడోవారం ఎర్రదుమ్ము పట్టి మోటారే ఆగింది.
పాత టూత్‌బ్రష్‌తో
పళ్ళచక్రానికి పళ్ళు తోముతూ కూర్చున్నాను.

అప్పుడు చూశాను మస్తాన్‌వలిని.
కమీషన్ కొట్టు గుమస్తా. ఇరవై ఆరేళ్ళ సర్వీసు.
ఫోను చెవికి నొక్కి రేట్లు అరుస్తూ
రోజూ అదే స్తంభం దగ్గర.
వెనక లారీ కదిలింది, ఆయన ఎడమ పాదం జరిగింది.
అడ్డంగా పదిహేను టిక్కీలు దిగబోయాయి,
మెడ కాస్త వంచాడు, అంతే.
మాట తెగలేదు.
ఆయన వెతకలేదు. అంగుళం అంగుళం తడమలేదు.
హమాలీ భుజం వంగడం కంటితో చూసి
కాలితో ముందే జరిగాడు.

"మీకెలా తెలుస్తుంది?"
"ఏంటి తెలిసేది?"
"జరగాలని."
"నేను జరిగానా?" అన్నాడు.

పదకొండు రోజులు ఆయన చెప్పుల చుట్టూ
సుద్దముక్కతో గీతలు గీశాను.
"కొత్త చెప్పులకి కొలతలా వలీ?" అని నవ్వారు హమాలీలు.
ఐదో అధ్యాయం ఆ గీతల్లోంచే వచ్చింది.
సమీకరణాలు పదిహేడు.
ఒక్కదాంట్లోనూ ఘాటు లేదు.

పదింటిలో మూడుసార్లు ఇంకా తప్పుతుంది నా యాంటెన్నా.
మస్తాన్‌వలీ తప్పుతాడు,
"హలో, హలో, ఆ... చెప్పు" అంటాడు.
అడిగితే మాత్రం ఒప్పుకోడు.

కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు చుట్టూ
గైడుగారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు:
ఎవరు? ఏ సంస్థ?

కొట్టేయలేదు.
పక్కనే రాశాను:
మూడో షెడ్డు, నాలుగో స్తంభం,
కాస్త ఎడమకి.